బృందగానమూ భుక్తిమార్గమూ

కృష్ణా తుంగభద్రలు సంగమించబోయే ముందు తమ నడుమ పొదివి పట్టుకున్న నడిగడ్డ సీమను పండితులు ప్రస్తావించినపుడల్లా మూడు విషయాలు తప్పక స్మరిస్తారు. అలంపురంలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయాలు ఒకటి. విద్వద్గద్వాల అన్న ప్రసిద్ధికి కారణమైన సంస్థాన విద్యాపోషణ రెండవది. నూలు మేనికి పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేసే గద్వాల చీర మూడవది. ఈ మూడింటి సరసన కూర్చోదగినదై, వీటికంటె ఎక్కువగా ఊరూరా వ్యాపించినదై, శాసనాలకూ గ్రంథాలకూ అంతగా ఎక్కక మిగిలిన సంపద ఇంకొకటి ఉన్నది. గుడి అరుగు మీద, రచ్చకట్ట మీద, నాట్లు వేసే మడిలో, బతుకమ్మ చుట్టూ, పదిమంది గొంతులు ఒక్కటై పాడే పాట అది. ఆ పాటనే వృత్తిగా స్వీకరించి, దానితో తాను బ్రతికి, తన వెంట మరికొందరిని బ్రతికించుకుంటున్న ఇటిక్యాల ప్రాంతపు ఆడబిడ్డ ఒకామె తన అనుభవాన్ని ఒక క్రమంలో కూర్చి గ్రంథరూపంలో మన ముందుంచుతున్నది. దానికి పీఠిక వ్రాయవలసిందని నన్ను అడగడం ఆమె వినయం. వ్రాయడం నా ధర్మం.

గ్రంథకర్త్రి భజన ఇంట పుట్టినది. మద్దెల శ్రుతి చేస్తుండగా చూస్తూ పెరిగినది. కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిలో భజనలు సాగే రాత్రులలో పెద్దల ఒడిలో నిద్రపోయి, మంగళహారతి వేళకు లేచి వంత కలిపిన బాల్యం ఆమెది. పెద్దయిన తరువాత కోలాటం నేర్చి, నేర్పించి, స్త్రీల బృందాలను కూర్చి, ఆ పనినే జీవిక చేసుకున్నది. వ్రాతప్రతి నా చేతికిచ్చిన దినం ఆమె అడిగినది ఒకే ప్రశ్న. “సార్, దేవుని పాట పాడి పైసలు తీసుకునుడు పాపమంటరు కొందరు. మీరేమంటరు?” ఆ ప్రశ్న వెనుక ఎన్ని ఊళ్ళలో ఎన్ని మాటలు పడి ఉంటుందో ఊహించగలను. ఈ పీఠికను ఆమెకు నా సమాధానంగా పాఠకులు గ్రహింతురుగాక.

ముందుగా వంశక్రమాన్ని చెప్పవలె, ఏలననగా వంశం తెలియని విద్యకు లోకంలో మన్నన తక్కువ. పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో, శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తజనం పాడుకొనే పాటలను పేరుపేరునా లెక్కించినాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, వెన్నెల పదాలు అంటూ ఆయన చెప్పిన ఆ పట్టిక, పండితుని చేతిమీదుగా పామరుల పాటకు దక్కిన తొలి సన్మానాలలో ఒకటి. ఆ శ్రీశైలానికి పశ్చిమద్వారం మన అలంపురమే. యాత్రికుల పాట ఈ దారిన సాగిపోయిందనడానికి వేరే ప్రమాణం అక్కరలేదు. అదే శతాబ్దిలో జాయప సేనాని నృత్తరత్నావళిలో దేశి నృత్యాలను వర్ణిస్తూ, కోలలు తాటిస్తూ వలయంగా ఆడే దండరాసకానికి స్థానమిచ్చినాడు. నేడు మన వాడలలో ఆడపిల్లలు వేసే కోలాటపు కోపులకు ఆ దండరాసకమే పూర్వరూపమని నా నమ్మకం.

తరువాతి కాలంలో పాలమూరు సీమ భజన వాగ్గేయకారులకు కాణాచి అయినది. మన్యంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు, రాకంచెర్ల వెంకటదాసు వంటి మహనీయుల కీర్తనలు అచ్చుకంటె ముందు గొంతులలోనే నిలిచినవి. తాళపత్రమూ కాగితమూ దక్కని ఇండ్లలో సైతం ఆ కీర్తనలు తరతరాలు బ్రతికినవంటే అందుకు కారణం సామూహిక గానమే. ఒకడు చరణం మరచిపోతే పక్కవాడు అందిస్తాడు. పక్కవాడూ తడబడితే వెనుక వరుసలోని ముసలమ్మ ఎత్తుకుంటుంది. అలా పదిమంది జ్ఞాపకం కలిసి ఒక పుస్తకమైనది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి విశ్వవిద్యాలయం చేత ఔననిపించే వరకు ఈ పుస్తకాన్ని విద్వత్సభలు తెరచి చూడలేదు.

ఈ నడిగడ్డలోని ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డిగారిని ఈ సందర్భంలో స్మరించకపోవడం అపచారం. తెలంగాణంలో కవులు లేరన్న నిందకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి జవాబు చెప్పిన ఆ మహాశయుడు, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించి, రాజుల యుద్ధాలకంటె ప్రజల ఆటపాటలూ వేషభాషలూ తిండితిప్పలూ చరిత్రకు ముఖ్యమని నిరూపించినాడు. కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం, 1955లో, ఆ గ్రంథానికే. ప్రతాపరెడ్డిగారు పాత కావ్యాలలో వెదకి తీసిన ఆటపాటల జీవితాన్ని ఈ గ్రంథకర్త్రి తన కళ్ళెదుటి వాడలలో చూచి వ్రాసినది. ఆమె పుస్తకాన్ని ఆ పరంపరలోనే నేను లెక్కిస్తున్నాను.

ఇక ప్రతిఫలం మాట. మన దేశంలో పాట ఏనాడూ పస్తు ఉండి పాడినది కాదు, పాడేవారిని పస్తు ఉంచిన ఊరికి మంచిపేరూ లేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలలో పండితులకు వార్షికాలు ముట్టేవి. తిరుపతి వేంకట కవులంతటివారు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నవారే. తాళ్ళపాక కవులకు భూములుండేవి. రాజు పంపిన ధనాన్ని నిరాకరించిన త్యాగయ్యగారు సైతం, వీధిలో కీర్తన పాడుతూ గృహస్థులు వేసిన బియ్యాన్ని ఉంఛవృత్తిగా స్వీకరించినారు. పదిమంది కలిసి పాడుకొనేందుకు దివ్యనామ సంకీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను కూర్చిన చేయీ, ఆ బియ్యం అందుకున్న చేయీ ఒక్కటే. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో మొదలైన వనారస వారి నాటక సమాజం కుటుంబాలకు కుటుంబాలుగా టికెట్టు రాబడి మీద బ్రతుకుతూ పద్యాన్ని నూరేళ్ళు దాటించినది. పైకం ముట్టినందువల్ల వీరిలో ఎవరి విద్యా మలినపడలేదు.

పల్లెలో కోలాటం గురువుకూ ఇటువంటి మర్యాదే నడిచేది. కోతలు ముగిసి చేతులు తీరిక చేసుకున్న వేళ ఊరివారు గురువును పిలిపించుకొనేవారు. ఒకటి రెండు నెలలు ఆయన ఊళ్ళోనే ఉండేవాడు. ఇల్లిల్లూ వంతుల వారీగా భోజనం పెట్టేది. నేర్చుకొనే పిల్లలు తలా ఇంత అని పైకమో గింజలో సమకూర్చేవారు. నేర్పు ముగిసిన దినం గజ్జెపూజ చేసి, గురువుకు కొత్తబట్టలు పెట్టి, ఊరంతా చూస్తుండగా మొదటి ఆట ఆడేవారు. ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఈ గ్రంథానికంతటికీ అదే మూలసూత్రం. అక్కడ గురువుకు సొమ్ము ఇచ్చినవారు చూచిపోయే ప్రేక్షకులు కారు, పాడబోయే వారు, ఆడబోయే వారు. పాటను కొనుక్కోవడానికి ఎవరూ రాలేదు. పదిమందిలో ఒకరై పాడగల యోగ్యతను సంపాదించుకోవడానికి వచ్చినారు.

ఆ యోగ్యత వెనుక ఉండే శ్రమను గ్రంథకర్త్రి జడకోలాటం ప్రకరణంలో వర్ణించిన తీరు నన్ను ముగ్ధుణ్ణి చేసినది. నిలువెత్తుకు మించిన గుంజ కొసన రంగురంగుల తాళ్ళు కట్టి, ఒక్కొక్కరు ఎడమచేత ఒక తాడూ కుడిచేత ఒక కోలా పట్టి నిలుస్తారు. సగంమంది సవ్యంగా, సగంమంది అపసవ్యంగా నడవాలి. ఎదురైనవారిని ఒకమారు లోపలినుంచి, మరుమారు వెలుపలినుంచి దాటాలి. దాటే క్షణంలోనే కోలకు కోల తగలాలి, నోట పల్లవి తప్పకూడదు. పైనుంచి జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. అల్లడం సగం పని మాత్రమే. నడకను తిరగవేసి, అదే లెక్కన, చిక్కుపడకుండా విప్పాలి. పదహారుమందిలో ఒక్కరు ఒక్క అడుగు లోపలి వరుసకు బదులు వెలుపలి వరుసకు వేసినా ముడి పడుతుంది. ఆ ముడి ఎవరివల్ల పడినదో ఆ క్షణంలో తెలియదు, నాలుగు చుట్లు తిరిగిన తరువాతనే తెలుస్తుంది. అప్పుడు గురువు ఏ ఒక్కరినీ వేలెత్తి చూపకుండా అందరినీ ఆపి, మొదటినుంచి ఎత్తుకోమంటాడు. తప్పు చేసిన పిల్లను పేరు పెట్టి పిలిస్తే మరునాడు ఆ పిల్ల రాదని, ఒక్కరు రాకపోతే జంట చెడి ఆటే ఆగిపోతుందని గ్రంథకర్త్రి వ్రాసిన రెండు వాక్యాలు ఏ బోధనశాస్త్ర గ్రంథంలోనైనా ఉండదగినవి. ఈ ఓర్పుకు వెల కట్టమని ఆమె అడుగుతున్నది. ఇది న్యాయమైన కోరిక.

కాలం మారినందువల్ల ఈ వృత్తికి కొత్త అవకాశాలు వచ్చిన మాట నిజం. శ్రీరామనవమి, హనుమజ్జయంతి, వినాయక నిమజ్జనం, బోనాలు, గృహప్రవేశాలు, పెండ్లి ఊరేగింపులు, ఇన్నింటికి నేడు కోలాటం, చెక్కభజన బృందాలను పిలుస్తున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనసేవ ముందు నడిచే భజన మండళ్ళు ఎక్కడెక్కడి పల్లెలనుంచో వస్తున్నవి. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినది. ప్రతి ఏటా ఆ పండుగకు కొత్త పాటలను చిత్రీకరించి యూట్యూబ్‌లో విడుదల చేయడం ఒక పరిశ్రమగానే ఎదిగినది. తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు ప్రభుత్వం కొలువులిచ్చినది. 2008 మే 10న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో, అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర పూనికతో, లక్షకు మించిన గొంతులు ఒక్కసారిగా అన్నమయ్య సంకీర్తనలు పాడినవి. అంతమంది ఒకే శ్రుతిలో, ఒకే నడకలో పాడగలగడం అప్పటికప్పుడు జరిగే పని కాదు. చిన్న చిన్న గుంపులకు ఓపికగా నేర్పేవారు లేకుండా లక్ష గొంతులు ఒక్కటి కావు.

విదేశాలలో ఇదే సూత్రం పెద్ద వ్యాపారమైనదని గ్రంథకర్త్రి ఒక ప్రకరణంలో చూపించినది. ఇంగ్లండులో 2005లో కరొలైన్ రెడ్‌మన్ లషర్ అనే సంగీతోపాధ్యాయిని స్థాపించిన రాక్ కాయర్‌లో చేరడానికి గాత్రపరీక్ష లేదు. రుసుము చెల్లించినవారందరూ వారం వారం కలిసి పాడతారు, అలాంటివారు వేల సంఖ్యలో ఉన్నారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2017లో ఆస్ట్రిడ్ జోర్గెన్‌సెన్ మొదలుపెట్టిన పబ్ కాయర్‌కు టికెట్టు కొన్నవారే గాయకులు. ఒకే సాయంత్రం ఒక పాటను భాగాలుగా నేర్చుకొని, అందరూ కలిసి పాడి ఇళ్ళకు వెళతారు. ఈ వృత్తాంతం చదివినపుడు నాకు ఆశ్చర్యం కలుగలేదు, ఆనందం కలిగినది. మన కోలాటం గురువు ఎరిగిన సత్యాన్నే వారూ కనుగొన్నారు. గొంతు బాగున్నదా లేదా అన్న విచారణ లేకుండా పదిమందిలో కలిసి పాడాలన్న కోరిక మనుష్యులందరికీ ఉంటుంది. ఆ కోరికను తీర్చగలవారికి జీవనం దొరుకుతుంది.

ఇంత చెప్పిన తరువాత, ఈ గ్రంథంలో అత్యంత విలువైనదని నేను భావించే ప్రకరణం దగ్గరకు పాఠకుణ్ణి తీసుకొనిపోవాలి. పాట అందరిదైనపుడు దాని మీద హక్కు ఎవరిది? 2021లో లవ్ స్టోరీ చిత్రంలో సారంగదరియా పాట వచ్చినపుడు, అంతకు ముందే ఆ జానపదాన్ని పాడి ప్రచారంలోకి తెచ్చిన గాయనికి గుర్తింపు విషయమై జరిగిన వాదోపవాదాలు తెలుగునాట అందరూ విన్నవే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో గాయకులకు, ప్రదర్శకులకు ప్రత్యేక హక్కులు ఏర్పడినవి, 2012 సవరణతో అవి బలపడినవి. ధ్వనిముద్రణ మీద దానిని చేయించినవారికి అరవై ఏండ్ల హక్కు ఉన్నది. తరతరాలుగా ఊరు పాడుకొన్న పాటకు మాత్రం చట్టం దృష్టిలో కర్త కనబడడు. అందువల్ల పాట ఊరిదిగా, ముద్రణ మాత్రం ఒక సంస్థదిగా మిగులుతుంది. ఇక్కడ గ్రంథకర్త్రి తీసుకొన్న నిర్ణయం శ్లాఘనీయం. తన బృందం పాడిన ప్రతి పాటకూ అది ఏ ఊరినుంచి వచ్చినదో, ఎవరి నోట విన్నదో ముందుగా ప్రకటించడం, ఆ పాటను మరెవరు పాడుకొన్నా అడ్డు చెప్పకపోవడం, పాటను అమ్మకుండా తన నేర్పును, తన సమయాన్ని, తన బృందం శ్రమను మాత్రమే అమ్ముకోవడం ఆమె పెట్టుకొన్న నియమాలు. ఇదే ఈ వృత్తికి ధర్మమని నేనూ నమ్ముతున్నాను. పాట మీద గుత్తాధిపత్యం కోరిన నాడు వంత పాడే నోళ్ళు మూతపడతాయి, వంత లేనిచోట ఈ వృత్తికి పెట్టుబడే లేదు.

లెక్కల ప్రకరణాన్ని పండితులు ముఖం చిట్లించి దాటవేయరాదని నా మనవి. బయానా ఎంత పుచ్చుకోవాలి, మైక్ సెట్టు కిరాయి ఎవరు భరించాలి, వ్యాన్ కిరాయి ముందుగా మాట్లాడుకోకపోతే రాత్రి రెండు గంటలకు నడిరోడ్డున ఏమవుతుంది, మద్దెల, హార్మోనియం వాయించేవారి వాటా ఎంత, కొత్తగా చేరిన పిల్లకూ పాతవారికీ పంపకంలో తేడా ఉండాలా వద్దా అన్నవి ఆమె దాపరికం లేకుండా వ్రాసినది. అదే ప్రకరణంలో ఒక నియమం నన్ను చాలాసేపు నిలిపివేసినది. చావు జరిగిన ఇంట రాత్రంతా తత్వాలు పాడడం పాలమూరు పల్లెల ఆచారం. ఆ భజనకు ధర మాట్లాడరాదని, ఆ ఇంటివారు ఏమీ ఇవ్వకపోయినా పద్దులో బాకీగా వ్రాయరాదని ఆమె శాసించినది. దేనికి వెల ఉన్నదో, దేనికి లేదో ఎరిగినవారే గౌరవంగా వ్యాపారం చేయగలరు.

కీర్తి వేరు, జీవిక వేరు అన్న సంగతిని మన సీమే దేశానికి చూపించినది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల ప్రాంతానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర విద్వాంసుడు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. సినిమా ద్వారా ఆయన గొంతు ఇల్లిల్లూ చేరినది. అయినా 2024లో ఆయన కూలిపనికి పోవలసి వచ్చిన వార్తను పత్రికలలో చదివి మనసు కలతపడని తెలుగువాడు ఉండడు. సత్కారం ఒకనాటిది, ఆకలి దినదినమూ వచ్చేది. కనుక నెలనెలా ఇంత అని రాబడి ఉండే పని, అనగా నేర్పే పని, కళాకారునికి ఆధారం కావాలన్న గ్రంథకర్త్రి వాదం అనుభవం మీద నిలిచినది. అదే జిల్లా గౌరారంలో పుట్టి, వల్లంకి తాళంతో 2021 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న గోరెటి వెంకన్నగారి పాట పల్లె జనం నోట నిలిచినదంటే, ఆ జనానికి కలిసి పాడే అలవాటు ఇంకా పోలేదు కనుకనే.

ఒక్క విషయంలో గ్రంథకర్త్రితో నాకు ఏకీభావం లేదు. వాద్యకారులు దొరకని ఊళ్ళలో ముందుగా ముద్రించిన సంగీతాన్ని పెట్టెలో మ్రోగించి దానికి అనుగుణంగా కోలాటం వేయవచ్చునని ఆమె అనుమతించినది. ఖర్చు తగ్గుతుందన్న ఆమె ఉద్దేశం నేనెరుగుదును. అయితే ముద్రించిన తాళం మనుష్యుల కోసం ఆగదు. ముసలమ్మ అడుగు వెనుకబడితే మద్దెల వాయించేవాడు అరక్షణం నడక తగ్గించి ఆమెను కలుపుకుంటాడు. పెట్టె ఆ పని చేయదు. కలుపుకొనిపోవడమే ఈ విద్యకు ప్రాణం గనుక ఆ వాద్యకారుని కూలి ఆదా చేయరాదని నా అభిప్రాయం. రెండవ ముద్రణలో ఆ పుటను ఆమె పునరాలోచించాలని కోరుతున్నాను.

భాష విషయంలో ఆమె తన పలుకుబడిని విడిచిపెట్టకపోవడం మంచిదైనది. ఇటిక్యాల, ఎర్రవల్లి, అలంపురం వాడల మాట యథాతథంగా పుటలమీదికి వచ్చినది. కోపుల పేర్లు, నడకల పేర్లు ఊరివారు అన్నట్టే ఉన్నవి. పాటల పాఠాలను వయోవృద్ధులైన స్త్రీల ముందు తిరిగి చదివి వినిపించి, వారు సరే అన్న తరువాతనే అచ్చుకిచ్చినదని విన్నాను. నా తరం పరిశోధకులలో ఇంత శ్రద్ధ పాటించినవారు తక్కువ.

చిరంజీవినీ, నీ ప్రశ్నకు నా సమాధానం ఇది: దేవుని పాట నేర్పినందుకు పైకం పుచ్చుకోవడం పాపం కాదు, నేర్పించుకొని ఇవ్వకపోవడం పాపం. నీ బృందం వర్ధిల్లుగాక.

పాఠకులకు, అంతకుమించి దేవాలయ కమిటీలవారికి, పండుగ పందిళ్ళ నిర్వాహకులకు ఒక విన్నపం. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నవి. బీచుపల్లి ఘాట్లలో భజనకు, కోలాటానికి బృందాలు కావలసి వస్తవి. దూరంనుంచి పేరున్నవారిని పిలవడానికి ముందు మీ ఊరి బృందాన్ని పిలవండి. సంభావన ముందుగా మాట్లాడండి, బయానా చేతికివ్వండి, మిగిలినది ఆ రాత్రే, వారు బండి ఎక్కకముందే ముట్టజెప్పండి.